రెండో బ్రేకు

ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ముందు బోర్డు పెట్టే ఉంది. "పరీక్ష జరుగుతోంది, ఎక్కకండి" అని ఎర్రటి అక్షరాలు, వరండా చివరి నుంచి చూసినా కనిపించేంత లావుగా. అయినా కింది అంతస్తులో ఒకాయన ఎక్కాడు.

ఎక్కిన సంగతి లిఫ్టును పరీక్షిస్తున్న ఆమెకు తెలియదు. మూడో అంతస్తులో లిఫ్టుకు ఎదురుగా ఉన్న చిన్న గదిలో, తన లాప్‌టాప్ నుంచి ఒక వైరును లిఫ్టు నడిపే కంట్రోలర్‌కు తగిలించుకుని కూర్చుంది. ప్రోగ్రాంలో తలుపు తెరిచే చోట ఒక బ్రేక్‌పాయింట్ పెట్టింది. అంటే ప్రోగ్రాం తన దారిన తాను పరుగెత్తుతూ ఆ లైను దాకా వచ్చి టక్కున ఆగిపోవాలి. ఆమె మళ్లీ కదలమనేదాకా కదలకూడదు.

ఆగింది. లిఫ్టు మూడో అంతస్తుకు వచ్చి, తలుపు తెరవకుండా ఊరుకుంది.

"హలో!" అంది గోడకున్న స్పీకరు.

ఆమె కుర్చీలో ఎగిరిపడింది.

"ఎవరది లోపల?"

"బయట ఎవరు? ముందు తలుపు తియ్యండి."

"బోర్డు చదవడం రాదా మీకు?"

"వచ్చు. చదివాను కూడా."

"చదివి ఎక్కారా?"

"ఈ ప్రోగ్రాం రాసింది నేనేనండీ. నా లిఫ్టు ఎక్కడానికి నాకు బోర్డేంటి?"

ఆమెకు కోపం నషాళానికంటింది. ఈ ప్రోగ్రాం కంపెనీ వాళ్ల ఇంకో ఆఫీసులో తయారైందనీ, రాసిన మనిషి ఈ వారమే ఇక్కడికి వస్తున్నాడనీ విన్నది. వచ్చేవాడు ఇంత దర్జాగా వస్తాడనుకోలేదు.

"ఓహో, రచయితగారా!" అంది స్పీకర్లోకి. "అయితే హాయిగా నిలబడండి. మీ రచన తలుపు తెరిచే ఫంక్షన్ మొదటి లైను దగ్గర ఆగి ఉంది. ఒక్కో లైనూ నడిపించి చూస్తాను. లోపల ఏం జరుగుతోందో మీరు చెబుతూ ఉండండి."

"అదేంటి! కంటిన్యూ నొక్కితే క్షణంలో తెరుచుకుంటుంది కదా!"

"తెరుచుకుంటుంది. సారీ చెప్పండి, నొక్కుతాను."

"ఎవరికి?"

"బోర్డుకి."

"బోర్డుకి సారీ చెప్పేవాణ్ణి కాదు నేను!"

"నాకూ తొందరేం లేదు."

ఆమె స్టెప్ నొక్కింది. ఒక్క లైను నడిచి ప్రోగ్రాం మళ్లీ ఆగింది.

"ఇప్పుడు?"

"ఏం లేదు. గాలి కూడా లేదు."

"ఫ్యాను ఆపలేదే! అబద్ధాలాడకండి." ఇంకో స్టెప్. "ఇప్పుడు?"

"పైన లైటు వెలిగింది. మేడమ్, మీకు నా మీద ఏమైనా పగా?"

"మిమ్మల్ని ఇంకా చూడనేలేదు. చూశాక నిర్ణయిస్తాను."

ప్రోగ్రాం ఆగితే మోటారు కూడా ఆగి బ్రేకు పడాలి. ఈ లిఫ్టును అలాగే కట్టారు. అందుకని తలుపు కూడా ఆమె నొక్కిన మేరకే తెరుచుకుంది. మొదట బెత్తెడు. ఆ బెత్తెడు సందులో ఒక కన్ను, కళ్లజోడులో సగం, దువ్వినా మాట వినని జుట్టు కనిపించాయి. ఆ కన్ను ఎదురు గదిలోకి చూసింది, ఆమెను చూసింది, అక్కడే ఉండిపోయింది.

ఇంకోసారి నొక్కితే రెండో కన్ను వచ్చింది. ఆమెకు వేలు ఎందుకో కాస్త తడబడింది. కంటిన్యూ నొక్కేసింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఇందాకటి దాకా స్పీకర్లో రంకెలు వేసిన మనిషి బయటికొచ్చి నోరు తెరిచాడు, మూశాడు. బోర్డు వైపు తిరిగి, "సారీ అండీ" అన్నాడు. తర్వాత మెట్ల దారి పట్టి గబగబా దిగిపోయాడు.

ఆ రోజు నుంచి ఆఫీసులో అతని పేరు రచయితగారు.

ఆమెకు అంతకుముందే ఒక పేరుంది, స్టాపమ్మ. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆమెకు తెలుసు, తెలిసి మురిసిపోతుంది కూడా. పరుగెత్తే ప్రోగ్రాంను మధ్యలో పట్టుకుని ఆపడం ఆమె పని. ఆగిన చోట దాని జేబులన్నీ తడిమి ఏ విలువ ఎక్కడుందో చూడటం, ఒక్కో అడుగూ వేయించడం, అనుమానం తీరాక ఇక పొమ్మనడం. వీటన్నిటికీ డీబగ్గర్ అని ఒక పనిముట్టుంది. ఆమె చేతిలో అది ఉంటే ఎంత మిడిసిపడే ప్రోగ్రామైనా బుద్ధిగా నిలబడుతుంది.

ఈ పని ఆమెకు నచ్చడానికి నాన్న కారణం. నాన్నది డ్రైవింగ్ స్కూలు. ఆయన కారులో స్టీరింగు ఒక్కటే గానీ బ్రేకులు రెండు. ఒకటి తోలేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో నాన్న కాలి కింద. నేర్చుకునేవాళ్లు తోలుతుంటారు, తేడా వస్తే నాన్న కాలు పడుతుంది, కారు ఉన్నచోట ఆగుతుంది. చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని ఆ వింత చూస్తూనే పెరిగింది.

చిక్కేమిటంటే, నాన్న ఆ బ్రేకును కారుకే పరిమితం చేయలేదు. కూతురు ఏ కాలేజీలో చేరాలి, ఎవరితో స్నేహం చేయాలి, జుట్టు ఎంత కత్తిరించుకోవాలి, అన్నిటి మీదా ఆయన కాలుండేది. "నా కాలు బ్రేకు మీద ఉండగా నీకేం భయం?" అనేది ఆయన ఊతపదం. ఆమెకు లైసెన్సు వచ్చి ఏళ్లయింది. సాయంత్రం నాన్న ఆఫీసుకొస్తాడు, ఆమె ఇంటిదాకా తోలుతుంది, ఆయన పక్కన రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటాడు. ఇన్నాళ్లూ దానికి ఆమె ఏమీ అనలేదు.

రచయితగారి సంగతి మాత్రం ఆమెకు ఒక పట్టాన కొరుకుడు పడలేదు. ఆఫీసు చాట్‌లో మనిషి పులి.

"ఈ రోజు నా ప్రోగ్రాంను ఎక్కడెక్కడ ఆపారు?"

"అనుమానం వచ్చిన ప్రతి చోటా."

"పాపం, దానికి ఊపిరాడటం లేదు."

"ఊపిరి ఉందో లేదో చూడటానికే ఆపుతున్నాను."

"ఉంది మేడమ్. మీరు వదిలితే పాట కూడా పాడుతుంది."

అవి చదివి ఆమె ఒక్కతే నవ్వుకునేది. తీరా ఎదురుపడితే అదే మనిషి బూట్ల లేసులు పరిశీలిస్తూ నిలబడేవాడు. అవునంటే అవును, కాదంటే కాదు. పొగరేమో అనుకుంది కొన్నాళ్లు. తనంటే ఇష్టం లేదేమో అనుకుంది ఇంకొన్నాళ్లు. అలా అనుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఎందుకు చివుక్కుమంటోందని తనను తాను నిలదీసి, వచ్చిన జవాబు చూసి తనే కంగారుపడింది.

ఒక సాయంత్రం వాన దంచి కొడుతుంటే అతను పోర్టికోలో గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. నాన్న కారు అద్దం దించాడు.

"ఎవరమ్మా ఆ అబ్బాయి?"

"లిఫ్టు ప్రోగ్రాం రాసినాయన నాన్నా."

"ఎక్కు బాబూ! తోలడం వచ్చా?"

"రాదండీ."

"మనుషుల్ని పైకీ కిందికీ తిప్పే యంత్రాన్ని నీ చేతిలో పెట్టారు, కారు రాదా! రేప్పొద్దున్నే నా దగ్గరికొచ్చెయ్."

అతను వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె అద్దంలోకి చూస్తే అందులో అతని కళ్లు దొరికాయి. దొరికిన వెంటనే వైపర్ల మీదికి పారిపోయాయి. వైపర్లను అంత శ్రద్ధగా చూసే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

మర్నాటి నుంచి అతను నాన్నకు శిష్యుడయ్యాడు. "మంచి మాటకారి ఆ అబ్బాయి. కారెక్కాడంటే నోరు మూయడు" అన్నాడు నాన్న ఇంట్లో.

"ఎవరు, ఆయనా?" అంది ఆమె. నమ్మబుద్ధి కాలేదు.

గొడవ మొదలైంది క్యాన్ల అన్నతో. ఆఫీసుకు తాగే నీళ్ల క్యాన్లు తెచ్చే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు.

"చెల్లెమ్మా, నీ లిఫ్టుకి దెయ్యం పట్టింది" అన్నాడు. "తలుపుకి ఒక క్యాను అడ్డం పెట్టి, మిగతావి ఎక్కించుకుని నాలుగో అంతస్తు నొక్కానా, అది పైకి పోకుండా నత్తలాగ పాక్కుంటూ కింద దాకా పోయింది. ఏ బటన్ నొక్కినా ఉలకదు, పలకదు."

ఆమె తేలిగ్గా తీసుకోలేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాం సోమవారం ఒక ప్రసూతి ఆసుపత్రి లిఫ్టులో ఎక్కబోతోంది. బాగుందని ఆమె సంతకం పెడితేనే ఎక్కుతుంది. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని పై అంతస్తుకు తీసుకెళ్లాల్సిన లిఫ్టు ఎవరి మాటా వినకుండా కిందికి పాకితే?

వైరు తగిలించి కూర్చుంది. తలుపు దగ్గర ఆపింది, మోటారు దగ్గర ఆపింది, అంతస్తులు లెక్కబెట్టే చోట ఆపింది. ఆపకుండా వదిలేసి కూడా చూసింది. క్యాన్ల అన్నను పిలిచి మళ్లీ క్యాన్లు ఎక్కించమంది. లిఫ్టు ముత్యంలాగ పైకెళ్లింది, ముత్యంలాగ కిందికొచ్చింది.

"చూశావా?" అన్నాడు మేనేజరు. "ఆయన ఏదో తప్పు బటన్ నొక్కి ఉంటాడు. సంతకం పెట్టెయ్."

"పెట్టను సార్."

"తప్పెక్కడుందో చూపించు మరి."

"చూపించలేను. కానీ ఉంది."

"కనిపించనిది ఉందంటే ఎలా? అందరం బాగుందంటున్నాం. నువ్వొక్కదానివే కాదంటున్నావు."

"అవును సార్. నేనొక్కదాన్నే అంటున్నాను."

మేనేజరు మొహం మాడ్చుకుని వెళ్లాడు. అప్పుడు, అన్నాళ్లలో మొదటిసారి, రచయితగారు తనంతట తానే ఆమె గదిలోకి వచ్చాడు. తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"ఇది నా మొదటి ప్రోగ్రాం. సోమవారం ఎక్కకపోతే నన్ను దీన్నుంచి తీసేస్తారు. నా మీద నమ్మకం లేదా మీకు?"

ఇతను అడిగే మొదటి మాట ఇంకేదైనా అయి ఉంటే ఎంత బాగుండేది, అనుకుంది ఆమె. అయినా పట్టు సడలించలేదు.

"మీ మీద ఉంది. మీ ప్రోగ్రాం మీద లేదు."

అతను వెళ్లిపోయాడు. ఆ రోజంతా చాట్‌లో పులి అలికిడి లేదు.

మేనేజరు కూడా ఒకప్పుడు నాన్న దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడే. ఇప్పటికీ గురువుగారూ అనే పిలుస్తాడు. ఆ చనువుతో సాయంత్రానికల్లా విషయం నాన్న చెవిన వేశాడు.

"మీ మేనేజరు ఫోన్ చేశాడు" అన్నాడు నాన్న, కారు వీధిలోకి రాగానే. బయట వాన.

"చేస్తాడని తెలుసు."

"పెద్దవాళ్లున్నారు, వాళ్లు చూసుకుంటారు. నీకెందుకమ్మా ఈ మొండితనం? ఆ అబ్బాయికి కూడా ఎంత నష్టం! సంతకం పెట్టెయ్."

"పెట్టను నాన్నా."

కారు ఆగిపోయింది. ఆపింది ఆమె కాదు. ముందు అడ్డమేమీ లేదు, సిగ్నలూ పచ్చగానే ఉంది. నాన్న కాలు రెండో బ్రేకు మీద బిగిసి ఉంది.

"కాలు తియ్యి నాన్నా."

"ముందు నా మాట విను."

"కాలు తీస్తే వింటాను."

"నీ మంచికే కదా..."

"నాకు తోలడం రానప్పుడు ఆ బ్రేకు నా మంచికే. ఇప్పుడు నేను దారి చూసుకుని తోలుతున్నాను. ఇప్పుడు దాన్ని నొక్కడం మంచి కాదు నాన్నా, పెత్తనం."

వెనక హారన్లు గోల చేస్తున్నాయి. నాన్న కాలు తీయలేదు. కూతురు ఇలా మాట్లాడటం ఆయనకు కొత్త, ఏం చేయాలో తోచక కాలు అలాగే ఉండిపోయింది.

ఆమె చేతి బ్రేకు వేసి, తలుపు తీసుకుని వానలోకి దిగింది.

"ఎక్కడికే?"

"ఇంటికే, నడిచి. కారు నువ్వే తీసుకురా. నీ వైపు బ్రేకుంది గానీ స్టీరింగు లేదు, ఈ సీట్లోకి మారాల్సి వస్తుంది."

జోరు వానలో తడుస్తూ నడిచింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా. కానీ వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున్న తుమ్ముతూ ఆఫీసుకొచ్చేసరికి, మూడో అంతస్తు వరండాలో గలగలమని మాటలు, వాటి మధ్య పగలబడి నవ్వులు. రచయితగారు క్యాన్ల అన్నకు ఏదో కథ చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆమె మలుపు తిరిగింది. కథ మధ్యలో తెగిపోయింది. అతను తల వంచుకుని జారుకున్నాడు.

"ఏంటన్నా, నన్ను చూసి ఆపేశాడు?"

"ఎప్పుడూ అంతే కదమ్మా. నువ్వు లేనప్పుడు చూడాలి ఆ బాబుని, వసపిట్ట. నువ్వొచ్చావంటే నోట్లో నాలుకుండదు. నువ్వు చూస్తున్నావంటే చాలు, వేరే మనిషైపోతాడు."

ఆమె నిలబడిపోయింది.

తను చూస్తుంటే వేరేలా. చూడకపోతే ఇంకోలా. మనిషి అలా ఉంటే, ఆ మనిషి రాసిన ప్రోగ్రాం?

గదిలోకి పరుగెత్తింది. ఇన్నాళ్లూ లిఫ్టు కదిలే చోట్లే ఆపి చూసింది. ప్రోగ్రాం నిద్రలేచే మొదటి లైన్లలోకి ఎప్పుడూ తొంగి చూడలేదు. ఇప్పుడు అక్కడ ఆపింది. ఒక్కో అడుగూ వేయించింది. అదిగో! ఒక చోట ప్రోగ్రాం తనను తాను ప్రశ్నించుకుంటోంది, నాకు డీబగ్గర్ తగిలించి ఉందా అని. ఉంటే కాపలా టైమరును నిద్రపుచ్చమని రాసి ఉంది.

కంట్రోలర్‌లో ఒక మూల ఈ కాపలా టైమరు ఉంటుంది. నేను బతికే ఉన్నానని ప్రోగ్రాం దానికి మాటిమాటికీ కబురు పంపుతుండాలి. కబురు ఆగిందంటే ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోయిందనుకుని టైమరు మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టిస్తుంది. ఆమె వైరు తగిలించిన ప్రతిసారీ ఆ కాపలా నిద్రపోయింది. అందుకే ఆమె ముందు లిఫ్టు అంత బుద్ధిమంతురాలు.

అతన్ని పిలిచి లైను చూపించింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే పెట్టాను" అన్నాడు నెమ్మదిగా. "రాసే రోజుల్లో డీబగ్గర్‌తో ఆపి చూసుకుందామంటే, ఆపినప్పుడల్లా టైమరు రీస్టార్ట్ చేసేది. విసుగొచ్చి ఇది పెట్టాను. తర్వాత తీసేయడం మర్చిపోయాను."

"అయితే అసలు తప్పు దీని వెనక ఎక్కడో దాక్కుంది."

ఇతను ఇప్పుడు బతిమాలతాడేమో, ఎవరికీ చెప్పొద్దంటాడేమో అనుకుంది ఆమె. అతను వంగి, కంట్రోలర్‌కు తగిలించి ఉన్న వైరును స్వయంగా పీకేశాడు. కంట్రోలర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాడు.

"పదండి. ఎవరూ చూడనప్పుడు ఇది ఏం చేస్తుందో చూద్దాం."

ఆ క్షణంలోనే ఆమె మనసు పూర్తిగా అతనిదైపోయింది. చెప్పలేదు, తుమ్మింది.

ఇద్దరూ లిఫ్టెక్కారు. నాలుగో అంతస్తు నొక్కి, క్యాన్ల అన్న చేసినట్టే తలుపుకు అడ్డంగా ఒక క్యాను పెట్టారు. తలుపు మూసుకోబోయింది, క్యానుకు తగిలింది, వెనక్కెళ్లింది. మళ్లీ మూసుకోబోయింది. అడ్డం తొలగేదాకా ఎదురుచూసే ఆ చోట, కాపలా టైమరుకు కబురు పంపడం ప్రోగ్రాం మర్చిపోయింది.

లోపలి దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి.

"రీస్టార్ట్ అయింది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె క్యానును లోపలికి లాగింది. తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి వెళ్లాల్సింది పోయి, కిందికి పాకడం మొదలుపెట్టింది. ఆమె నాలుగు నొక్కింది, తలుపు బటన్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇప్పుడే నిద్రలేచింది కదా, ఏ అంతస్తులో ఉందో దానికి తెలియదు" అన్నాడు అతను. "కింద దాకా వెళ్లి తాకితే గానీ తెలుసుకోదు. అప్పటిదాకా ఎవరి మాటా వినదు."

"క్యాను బదులు స్ట్రెచర్ ఉంటే..."

"వద్దు, అనకండి." అతను కళ్లు మూసుకున్నాడు. "మీరు సంతకం పెట్టకపోవడం వల్ల బతికిపోయాను."

లిఫ్టు పాకుతోంది. క్యాన్లో నీళ్లు మెల్లగా ఊగుతున్నాయి.

"క్యాన్ల అన్న ఒక మాట చెప్పాడు" అంది ఆమె. "నేను లేనప్పుడు మీరు వసపిట్టట."

అతను లేసుల వైపు చూడబోయి, ఆగి, ఆమె వైపే చూశాడు.

"నిజమే. మీరు చూస్తుంటే నాలో అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఏ లైను దగ్గరున్నానో నాకే తెలియదు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు. తలుపు బెత్తెడు తెరుచుకున్నప్పటి నుంచి."

"మరి ఇన్నాళ్లూ?"

"ఆగే ఉన్నాను. మీరు కదలమంటే కదులుదామని."

"అనను" అంది ఆమె.

అతని మొహం వాడిపోయింది.

"నేను నొక్కితే నడిచే మనిషి నాకొద్దు. ఎవరి వేలో పడితే కదిలేది, ఎవరి కాలో పడితే ఆగేది, అలాంటి బతుకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే మీ అంతట మీరే చెప్పండి. నా కళ్లలోకి చూస్తూ, ఆగకుండా."

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు నా ప్రోగ్రాంను ఆపిన ప్రతిసారీ తిట్టుకున్నాను, ఆపని రోజు బెంగపెట్టుకున్నాను. నిన్న నమ్మకం లేదా అని అడిగాను చూడు, అంత తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. ఆగానా మధ్యలో?"

"ఆగలేదు." ఆమె కళ్లు చెమర్చాయి. "నాకూ నువ్వంటే ఇష్టం. నిన్న చాట్‌లో నువ్వు లేవు, నాకు పనిలో చేతులే ఆడలేదు. అయినా సంతకం మాత్రం పెట్టను, చెబుతున్నాను!"

"పెడితే నేనే చింపేస్తాను."

లిఫ్టు అడుగుకు తాకింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా మేనేజరు, ఆయన వెనక క్యాన్ల అన్న. ఇంకా వెనక, పోర్టికో మెట్ల మీద గొడుగుతో నాన్న. రాత్రంతా తుమ్మిన కూతురికి మందు బిళ్లలు ఇచ్చి పోదామని వచ్చాడు.

"దెయ్యం దొరికింది అన్నా" అంది ఆమె క్యాన్ల అన్నతో. తర్వాత జరిగిందంతా మేనేజరుకు చెప్పింది.

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "సరే, ఉంది. కానీ ఎప్పుడో ఒకసారి జరిగేదానికి సోమవారం ఆపుతామా? ముందు ఎక్కించేద్దాం, తర్వాత సరిచేద్దాం. సంతకం పెట్టు."

"అయితే మీరు ఎక్కండి సార్."

"ఏంటి?"

"లిఫ్టెక్కండి. తలుపుకి క్యాను అడ్డం పెడతాను. మీ ఇంటి మనిషే నొప్పులు పడుతూ స్ట్రెచర్ మీద మీ పక్కన ఉందనుకోండి. పై అంతస్తులో డాక్టరు ఎదురుచూస్తోంది. ఇది కిందికి పాకుతూ ఉంటుంది. ఎక్కండి, ఎక్కి వచ్చి అప్పుడు చెప్పండి, సంతకం పెట్టమని."

మేనేజరు లిఫ్టులోకి చూశాడు. ఎక్కలేదు.

"ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఆలోచించుకున్నాను. ఉద్యోగం మీరిచ్చింది సార్, కావాలంటే తీసుకోండి. సంతకం నాది. నా చెయ్యి పట్టుకుని ఒక్కో అక్షరం ఎవరూ రాయించలేరు."

"తప్పు నాది సార్" అన్నాడు రచయితగారు. ఆమె పక్కనే నిలబడి, తల ఎత్తి, గడగడా. "ఆమె సంతకం పెట్టినా నేను దీన్ని ఎక్కించను. సరిచేసి, వైరు పీకేసి, ఆమె చూస్తుండగా ఒకసారి, చూడకుండా ఒకసారి పరీక్షిస్తాం. నన్ను తీసేస్తారా, తీసేయండి. ఆ లైను మాత్రం తీసేశాకే వెళ్తాను."

క్యాన్ల అన్న నోరు తెరిచాడు. ఆమె ఎదురుగా ఈ బాబు ఇన్ని మాటలా!

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, క్యాను వైపు ఒకసారి చూసి, ఫోను తీశాడు. "ఆసుపత్రి వాళ్లకు ఏదో ఒకటి చెబుతాను. వెళ్లండి, సరిచేసి చావండి" అని గొణుక్కుంటూ పక్కకు నడిచాడు.

నాన్న దగ్గరికొచ్చాడు. మందు బిళ్లలు కూతురి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం మళ్లీ వాన. కారు పోర్టికోలో ఆగింది. నాన్న దిగి తాళం చెవులు ఆమె చేతికిచ్చాడు. ఎప్పటిలా పక్క సీటు వైపు వెళ్లలేదు. వెనక తలుపు తీసుకుని, చిన్నప్పుడు ఆమె కూర్చున్న చోట సర్దుకుని కూర్చున్నాడు.

"అక్కడేంటి నాన్నా?"

"ఇక్కడ బ్రేకు లేదు" అన్నాడు నాన్న కిటికీలోకి చూస్తూ. "నిన్న నేను నొక్కకుండా ఉండాల్సింది తల్లీ. పొద్దున్న అక్కడ నిలబడి నువ్వు మాట్లాడింది విన్నాక సిగ్గేసింది."

ఆమె కళ్లు తుడుచుకుని సీటు సరిచేసుకుంది.

రచయితగారు గొడుగు లేకుండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"రా బాబూ, ముందు కూర్చో" అన్నాడు నాన్న.

అతను ముందు సీట్లో కూర్చున్నాడు. కాలి కింద ఏదో తగిలితే వంగి చూశాడు, రెండో బ్రేకు. ఇన్నాళ్లూ దానికి అవతలి సీట్లోనే కూర్చుని నేర్చుకున్నాడు. అతను ఒక్క క్షణం ఆలోచించి, బూట్లు విప్పి, రెండు కాళ్లూ సీటు మీదికి మడిచి బాసింపట్టు వేసుకున్నాడు. ఆ తర్వాత బెల్టు పెట్టుకున్నాడు.

"అదేం కూర్చోవడం? ఇరుకు కాదూ? కాళ్లు దించుకో" అన్నాడు నాన్న.

"ఫర్వాలేదండీ. తోలుతున్నది తను కదా."

ఆమె అద్దంలోకి చూసింది. నాన్న పెదాలు బిగించి నవ్వు ఆపుకోవాలని చూస్తున్నాడు, ఆగడం లేదు.

"అయితే ఆ కాళ్లు అలాగే ఉంచు అల్లుడూ" అన్నాడు.

ఆమె గేరు వేసింది.